బావికి ఒక పగలు విశ్రాంతి

గంజి కేంద్రాలు తెరిచిన ఈ కరువులో, మా చీనీ తోటలో బత్తాయి చెట్లు ఎండిపోతుండగా, ఈ రోజు మా బావిలో ఒక్క బొక్కెన నీళ్లు కూడా తోడలేదు. ఆపినవాడు సెలవు మీద వచ్చిన నా మనవడు శేషు. వాడు అస్సాంలో ఇంజనీరు. భూమి కింద రాతిలో నూనె ఎంత ఉందో, అందులో ఎంత పైకి వస్తుందో లెక్కగట్టడం వాడి ఉద్యోగం.

"నూనె బావుల వానికి నీళ్ల బావితో ఏం పనప్పా? చెట్లు సస్తాండాయి!" అని కపిలికి ఎద్దులను కట్టి నీళ్లు తోడే నాగన్న వాటి పగ్గాలు పట్టుకుని అరిచాడు. శేషు వినలేదు. ఊట ఎంత వేగంగా ఊరుతోందో పొద్దంతా తాడు దించి కొలుస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు.

"జేజీ, ఈ ఊట సగం తోటకే సాలుతుంది. అన్నిటికీ పారిస్తే అన్నీ సస్తాయి."

"ఇంకా లోతుకు తవ్విస్తే?"

"కిందంతా బండే."

"ఈ పూటకు అబద్ధమన్నా చెప్పరా."

"అబద్ధానికి ఊరే నీళ్లయితే పొద్దున్నే చెప్పుందును గదా జేజీ."

ఈ మాట వినడానికేనా వాణ్ణి అంత చదివించింది! తోటలో సగం పెద్ద చెట్లు, మా ఆయన నాటినవి. మిగతా సగం లేతవి, ఇంకా కాపుకు రాలేదు. పెద్ద చెట్ల కాలువకు అడ్డం వేయమంటే నాగన్న కదలలేదు. పార తీసుకుని నేనే మట్టి వేసి వచ్చాను.

మీరైతే ఏ సగం ఉంచేవారు? నాది తప్పయితే చెప్పండి. పొద్దున కపిలి కట్టేలోపు ఆ మట్టి నేనే తీసేస్తాను.