గోడ అవతలివాళ్లను అడగమన్న టీచరమ్మ

పొద్దున డైరీలో తారీఖు వేసి మొదటి మాట కోసం ఆలోచిస్తుంటే, పెరటి వైపు నుంచి నీళ్లు సిమెంటు మీద పడుతున్న చప్పుడు వినిపించింది. మా ట్యాంకు నిండి పొంగుతోంది. అదే సమయానికి వీధిలోంచి ప్రచారం ఆటో వెళ్తోంది. మైకులో పేరు, గుర్తు, మళ్లీ పేరు. ఎల్లుండే మున్సిపల్ ఎన్నిక. ఆ రెండు చప్పుళ్లూ ఒకేసారి చెవిన పడేసరికి రాజమణి టీచర్ గుర్తొచ్చారు. లేచి మోటారు కట్టేసి వచ్చాను. ఈ పూట పేజీ ఆవిడకే.

పెద్దపల్లిలో ఆవిడ మా ఎదురింట్లో ఉండేవారు. ఆడపిల్లల బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. భర్త కాగజ్‌నగర్ మిల్లులో పనిచేసేవాడట. ఆయన పోయాక బదిలీ పెట్టుకుని అన్న ఉన్న ఈ ఊరికి వచ్చేశారు. పిల్లలు లేరు. ఆ తర్వాత కొద్దికాలానికే అన్నావదినలు కూడా పోవడంతో వాళ్ల కొడుకు తిరుపతిని చిన్నప్పటి నుంచీ తనే పెంచారు. సన్నటి మనిషి, గొంతు మాత్రం వెనక బెంచీ దాకా వినపడేది. ఎండా వానా లేకపోయినా చేతిలో గొడుగు ఉండేది. దాంతో దారి చూపేవారు, కుక్కల్ని అదిలించేవారు, మాట మధ్యలో మనిషిని ఆపేవారు.

నేను నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసి బయటపడ్డవాణ్ని. ఏ విషయమైనా కాగితం మీద ఉంటేనే నాకు తృప్తి. రిటైరయ్యాక వచ్చిన మొదటి మున్సిపల్ ఎన్నికలో, మా వార్డు అభ్యర్థులు నామినేషన్‌తో ఇచ్చిన అఫిడవిట్లు ఆఫీసు బోర్డు మీద చూసి, చదువు, ఆస్తి, కేసులు అన్నీ డైరీలోకి ఎక్కించుకున్నాను. సంబరంగా తీసుకెళ్లి టీచరమ్మకు చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఓపిగ్గా మొత్తం చదివారు.

"మంచిగ రాసినవ్ రాజేశం. ఇది చూడాల్సిందే. గని, గిది వాళ్ల గురించి వాళ్లు చెప్పుకున్నది. పక్కింటోళ్లు చెప్పేది ఏది?"

"పక్కింటోళ్లతో మనకేం పని టీచరమ్మా?"

"నీ బిడ్డకు పెండ్లి చేసినవ్ గదా. పిలగాని ఊరికి పోయి ఎవర్నడిగినవ్? వాని అవ్వనా, బాపునా?"

నేను నవ్వేశాను. సంబంధం ఖాయం చేసుకునే ముందు అవతలి ఊరికి వెళ్లి ఇరుగుపొరుగును నెమ్మదిగా అడిగి రావడం మా వైపు అందరూ చేసేదే. అర్సుకోవడం అంటాం. మా వియ్యంకుల గురించి నేను చొప్పదండిలో వాళ్ల పక్కింట్లో కూర్చుని అర్సుకున్నవాణ్నే.

"పిల్లనిచ్చేటప్పుడు అంత అర్సుకుంటిమి. ఐదేండ్లకు వార్డునిస్తున్నం. గోడ కలిసినోళ్లను అడగొద్దా?" అని గొడుగు అందుకున్నారు.

ఆ రోజు నుంచీ ఆవిడ వెంట తిరిగాను. నల్లా నీళ్లు పట్టుకోవడం అయిపోయి, ఆడవాళ్లు బియ్యం ఏరుకుంటూ కాస్త తీరిగ్గా ఉండే వేళకు బయల్దేరేవాళ్లం. అభ్యర్థి వాకిట్లోకి కాదు, అతని గోడకు గోడ కలిసిన ఇంటికి. ఆవిడ సాకులు చెప్పేవారు కాదు. "ఓటు అడుగుతందుకు రాలే తల్లీ, ఎవరికెయ్యాల్నో అడుగుతందుకొచ్చిన" అని నేరుగా చెప్పి అరుగు మీద కూర్చునేవారు. మనిషి మంచివాడా అని ఎన్నడూ అడగలేదు. అట్లా అడిగితే మంచోడే అంటారట, గోడ పక్కన బతకాల్సినవాళ్లు మరి. మురుగు మోరీ నిండితే ఎవరు తీయిస్తారు, బండి ఎవరి గేటుకు అడ్డం పెడతాడు, మీ ఇంట్లో జ్వరమొస్తే అతనికి తెలిసిందా, ఇవే ఆవిడ ప్రశ్నలు. ఊరంతా నోటి దురుసు మనిషి అని తిట్టుకునే ఒకాయన గురించి, పక్కింటామె తన భర్తకు గుండెనొప్పి వస్తే కరీంనగర్ ఆస్పత్రి దాకా ఆయనే తీసుకుపోయి, తెల్లారేదాకా బయట కూర్చున్నాడని చెప్పింది. బయటికొచ్చాక టీచరమ్మ గొడుగు నేలకు తాటించి, "సూసినవా, నోరొక తీరు, మనిషొక తీరు" అన్నారు. అఫిడవిట్లో ఇలాంటిదానికి గడి లేదు.

ఆ తర్వాతి ఎన్నికకు తిరుపతి నిలబడ్డాడు.

అతనికి బస్టాండు దగ్గర బోరు మోటార్ల దుకాణం ఉంది. రెండు వీధుల అవతల సొంతిల్లు కట్టుకున్నాడు. నామినేషన్ వేసి, మెడలో కండువాతో, లడ్డూల డబ్బాతో అత్త ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"అత్తా, గీ గల్లీ మొత్తం నీ చేతిలున్నది. నువ్వొక్క మాటంటె చాలు."

అందులో అతిశయోక్తి లేదు. వీధిలో సగం మంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే.

"జర ఆగు బిడ్డా. అర్సుకోవాలె."

"నన్నా! నన్ను పెంచిందే నువ్వాయె!"

"పెంచింది నేనే. ఇప్పుడెట్లున్నవో నీ పక్కింటోళ్లకెరుక."

అతను వేళాకోళమనుకుని నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆవిడకు ఈ లోకంలో మిగిలింది అతనొక్కడే. జ్వరమొస్తే మందు తెచ్చేది, పండక్కి చీర పెట్టేది అతనే. లడ్డూ డబ్బా పక్కకు జరిపి, "నేను పోతె అత్తకెవరు నిజం చెప్తరు? నువ్వు పోయి రా రాజేశం" అన్నారు.

తిరుపతి గోడ పక్క ఇల్లు నర్సవ్వది. కొడుకు దుబాయ్‌లో, ఇంట్లో ఆమే, కోడలూ. మోరీ గురించి అడిగాను, బండి గురించి అడిగాను, అన్నిటికీ బాగానే చెప్పింది. లేస్తుంటే ఆగమని లోపలి గదికి తీసుకెళ్లింది. గోడంతా పచ్చగా పాచి పట్టి ఉంది. చేత్తో తాకితే చెమ్మ. తిరుపతి ట్యాంకు పొంగితే పైపు నీళ్లు నేరుగా ఆ గోడ మీదే పడుతున్నాయి.

"ఎన్నడు చెప్పినా రేపు తిప్పిస్త అవ్వా అంటడు. ఊరందరి మోటార్లు బాగు చేసెటోడు. మా ఇంట్ల మొగోడుంటె గిట్ల అనునా?" అంది. వెంటనే, "నేనన్ననని చెప్పకు సారూ" అని బతిమాలింది.

తిరిగి వస్తూ ఆ రెండు వీధులూ చాలా మెల్లగా నడిచాను. నర్సవ్వ పేరు ఎత్తకుండా, నేను చూసిన గోడ సంగతి మాత్రం టీచరమ్మకు చెప్పాను. మర్నాడు ఆవిడ నా ఎదురుగానే తిరుపతిని పిలిచారు.

"నీ ట్యాంకు పైపు తిప్పు. తిప్పినంక ఓటు అడుగు."

"పైపా? గింత దానికి పిలిచినవా! ఇప్పుడు తిప్పితె ఓట్ల కోసం తిప్పిండంటరు."

"ఓట్ల కోసమే తిప్పు. నువ్వెందుకు తిప్పినవో గోడకేం తెలుస్తది? ఎండుతది."

"అత్తవై ఉండి పక్కోళ్ల మాట పట్టుకుంటివి" అని అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆవిడ ఏ ఇంటికీ వెళ్లి ఓటు అడగలేదు. ఎవరికి వేద్దామని అడగడానికి వచ్చినవాళ్లకు "అర్సుకోండ్రి" అనే చెప్పారు. మేనల్లుడి మీద చెడు ఒక్క మాట కూడా అనలేదు. తిరుపతి కొద్దిలో ఓడిపోయాడు. ఆ తర్వాత ఆవిడ గడప తొక్కలేదు.

మందులు నేను తెచ్చిచ్చేవాణ్ని. ఆవిడ తీసుకుంటూ, "వానికి దుకాణంల పని ఎక్కువున్నట్టుంది" అనేవారు. ఆ మాట వింటే నాకు బాధగా ఉండేది. ఒకసారి ఉండబట్టలేక, ఆ ఒక్కసారికి చూసీ చూడనట్టు పోవాల్సింది కదా అన్నాను. "పోతుంటి. గని, రేపు ఇంకో తల్లి కొడుకు గురించి ఏం మొఖం పెట్టుకోని అడుగుత?" అన్నారు.

దసరా వచ్చింది. ఆ సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం మా ఆనవాయితీ. టీచరమ్మ కొత్త చీర కట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. వీధి పిల్లలు, పాత శిష్యులు వచ్చి మొక్కి వెళ్తున్నారు. ఆవిడ అందరినీ దీవిస్తూనే వీధి మలుపు వైపు చూస్తున్నారు. దీపాలు పెట్టే వేళకు తిరుపతి వచ్చాడు. జమ్మి ఆకు ఆవిడ చేతిలో పెట్టి, కాళ్లు మొక్కి, లేవకుండానే అన్నాడు:

"పైపు తిప్పిన అత్తా."

"ఎరుకే. నర్సవ్వ చెప్పింది."

అతను తలెత్తి చూశాడు. "అంటె, రోజూ అడుగుతున్నవా?"

"అడగకుంటె ఎట్ల? మళ్ల నిలబడవా ఏంది?"

ముగ్గురం నవ్వాం. ఆవిడ నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. ఆ రాత్రి భోజనం అక్కడే. తిరుపతే వడ్డించాడు.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. గొడుగు మా ఇంట్లో తలుపు వెనక ఉంది. తిరుపతి ఈసారి మళ్లీ నిలబడ్డాడు. మొన్న వచ్చి, లడ్డూలూ గిడ్డూలూ లేకుండా, "కాకా, పోయి నర్సవ్వను అడుగు" అని ఒక్క మాట చెప్పి వెళ్లాడు. వెళ్లాను. గోడకు తెల్లటి సున్నం, దాని పక్కన కొత్త మంచం, మంచం మీద దుబాయ్ నుంచి వచ్చిన కొడుకు. మిగతా అభ్యర్థుల పక్కిళ్లకూ వెళ్లాను, అన్ని చోట్లా అవే ప్రశ్నలు అడిగాను. టీచరమ్మ ఉంటే సగంలో ఆపనిచ్చేవారు కాదు. ఎవరికి వేస్తానో తేల్చుకున్నాను. అది మాత్రం డైరీకి కూడా చెప్పను.

ఇందాక మోటారు కట్టేశాక ఊరికే లోపలికి రాలేదు. మా పైపు నీళ్లు ఎటు పోతున్నాయో చూద్దామని గోడ మీదుగా అవతలికి తొంగి చూశాను. పక్కింటి స్వప్న బట్టలు ఆరేస్తోంది.

"ఏం పెద్దబాపూ, మా దిక్కు తొంగి చూస్తున్నవ్? నువ్వు గూడ నిలబడుతున్నవా ఏంది?"

"లేదు బిడ్డా. మా నీళ్లు మీ దిక్కు వస్తున్నయా?"

స్వప్న వంగి గోడ మొదలు చూసింది, చేత్తో తడిమింది. "లేదు, పొడిగనే ఉంది" అంది.

లోపలికి వచ్చి పెన్ను తీశాను.