కూర్చున్నవాళ్ళ కిటికీ

మా అత్త పోయింది. నేను విరుదునగరంలో పుట్టింట ఉండగా కబురు వచ్చింది. మా ఊరి మనిషి ఒకడు తెల్లారగట్ల వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. "పెద్దమ్మ పోయిందమ్మా. నిద్దర్లోనే," అన్నాడు. కడంబూరులో రైలు దిగి, ఎడ్లబండిలో ఊరు చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వీధి పొడుగునా, మోకాలెత్తు కిటికీల్లో పొయ్యి వెలుగులు కనిపిస్తున్నాయి. మా ఇంటి కిటికీ ఒక్కటే చీకటిగా ఉంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా. దాన్ని చూశాకే నాకు ఏడుపొచ్చింది.

మోకాలెత్తు కిటికీ ఏమిటని మీరు అనుకోవచ్చు. అది మా అత్త చేసిన పని.

నేను కాపురానికి వచ్చినప్పుడు మాది పాత మట్టి ఇల్లు. నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బి, గోడల్ని తోచినట్టు ఆడించేది. వంటిల్లు వెనక, కిటికీ అన్నది లేకుండా ఉండేది. పత్తికట్టెలు పొయ్యిలో పెడితే ఆ పొగ మా కళ్ళలోకి తప్ప ఎక్కడికీ పోయేది కాదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ పొగలోనే కూర్చున్న అత్తకు అప్పటికే చూపు సగం పోయింది. పడుకోబోయే ముందు కళ్ళలో ఆముదం చుక్క వేసుకొనేది. వచ్చిన కొత్తలో నేను పొయ్యి ఊదుతూ కళ్ళు తుడుచుకుంటుంటే పక్కన వచ్చి కూర్చుంది.

"పుట్టిల్లు గ్యాపకం వొచ్చిందా?"

"లేదత్తా. పొగ."

"అదింకా గోరమే పాపా. పుట్టిల్లయితే మరిచిపోతావు." నా కనురెప్పల్ని వేళ్ళతో తడిమి చూసింది. "నా కండ్లు పోతే పోయినాయి. నీవి పోకూడదు," అంది.

ఒక ఏడు, దీపావళి వచ్చే ఐప్పసి నెల వానకు వెనక గోడ కూలింది. కొత్త ఇల్లు కట్టక తప్పదన్నాడు మామ. మామ మంచివాడే గానీ, పదిమంది మెచ్చుకుంటేనే ఆయనకు అన్నం సహిస్తుంది. కడంబూరు వెళ్ళి పెద్దిళ్ళ వాకిళ్ళన్నీ చూసొచ్చి, తూర్పు ముఖంగా రెండు తిన్నెలు, నలుగురు కూర్చునే పెద్ద సావడి అంటూ చెప్పుకుపోయాడు. వంటిల్లెక్కడని అత్త అడిగితే, "వెనకాల ఎక్కడో ఒక మూల ఉంటాదిలే," అన్నాడు.

అత్త వాదించలేదు. "ఇల్లు కట్టి చూడు అంటారు. చూసి కట్టమని ఎవురూ చెప్పరే," అని ఊరుకుంది.

ఆడి నెల వచ్చింది, మీ ఆషాఢమే. మా వైపు ఆడిలో పడమటి గాలి లేచిందంటే తలమీద గుడ్డ నిలవదు. అత్త నన్ను వెంటబెట్టుకొని కొత్త జాగాకు పోయింది. మామ చెప్పిన ఇంటిని చెప్పినట్టే నేల మీద పత్తికట్టెలతో పరిచి, ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టించింది. ఇక్కడ తిన్నె, ఇక్కడ సావడి, వెనక పడమటి మూల వంటిల్లు. ఆ మూలలో మూడు రాళ్ళ మీద సంగటి కుండ ఎక్కించి మామకు కబురంపింది: కొత్త ఇంట్లో తొలి బోజనం, రమ్మని.

ఆయన మహా సంతోషంగా వచ్చి, తన సావడిలో ఆకు ముందు కూర్చున్నాడు. పొగంతా తిన్నగా ఆయన మీదికే వచ్చింది. కళ్ళు నలుపుకుంటూ, దగ్గుతూ, "గోడ లేచినంక ఇట్లుండదు," అన్నాడు.

"గోడ గాలిని ఆపుతాది. పొగని ఆపుతాదా?" అంది అత్త, ఇంకో ముద్ద వడ్డిస్తూ.

ఆయన భోజనం అయ్యేలోపే వంటిల్లు ఆగ్నేయానికి, వీధి వైపుకు వచ్చేసింది. ఒక్కటే ఆయనకు మింగుడు పడలేదు. "వీదిలోకా వంటిల్లు? ఆడోళ్ళని ఊరంతా చూస్తాదే."

"చూడనీ. మేమూ ఊరిని చూస్తాము."

గోడలు లేచాయి. మా వైపు కిటికీని జన్నలంటారు. మేస్త్రీ తన ఛాతీ ఎత్తున జన్నలికి చోటు విడిచి, వచ్చి చూసుకోమన్నాడు. అత్త పొయ్యి రాబోయే చోట చతికిలబడి గోడ తడిమింది. చేతికి ఇటుకలే తగిలాయి.

"నిలబడి వండేది ఎవురయ్యా మా ఇంట్లో?"

"అంత కిందికి దించితే కోళ్ళు దూరతాయమ్మా," అని నవ్వాడు మేస్త్రీ.

"కోళ్ళకి నేను చెప్పుకుంటాలే, నువ్వు దించు."

దించాడు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు కూడా నవ్వారు. మరుసటేడు పక్కింటివాళ్ళు తమ వంటింటి గోడకూ కన్నం కొట్టారు. ఆ తర్వాత కొత్తగా లేచిన ప్రతి వంటింటికీ ఆ ఎత్తునే కిటికీ.

ఇల్లు పాతబడకముందే అత్తకు ఉన్న కాస్త చూపూ పోయింది. నాకది ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. ఆమె మాత్రం కష్టపెట్టుకోలేదు. నేను వండుతుంటే పక్కన కూర్చొని, వెలుతురు వైపు ముఖం పెట్టి, "ఇప్పుడెవురు పోతా ఉండారు?" అని అడిగేది. నేను చూసింది చెప్పేదాన్ని. వీధి పిల్లలకు ఆ కిటికీ సరిగ్గా అందే ఎత్తు. ఆడుకుంటూ వచ్చి చెయ్యి లోపలికి చాపేవాళ్ళు. అత్త ఆ చేతిని పట్టుకొని, తడిమి, ఎవరిదో చెప్పి, అప్పుడే బెల్లంముక్క పెట్టేది. ఒకరి చేతికి బదులు ఒకరు చాపినా మోసపోయేది కాదు. "నీది నిన్ననే తీసుకుంటివి, పో," అనేది.

కర్మ అయ్యాక పొయ్యి వెలిగించాను. కట్టెలు చిటపటమన్నాయి, పొగ దారి తెలిసినట్టు బయటికి పోయింది. ఇన్నేళ్ళు వంట చేసినా నా కళ్ళు మంచిగా ఉన్నాయి. సూదిలో దారం నేనే ఎక్కించుకుంటాను. ఎవరి చలవో నాకు తెలుసు. అన్నం ఉడుకుతుండగా కిటికీలోంచి ఒక చిన్న చెయ్యి లోపలికి వచ్చి, అరచెయ్యి చాపింది. గోళ్ళ నిండా నల్లమట్టి.

కాస్త వంగితే ముఖం కనపడేది. వంగలేదు. కళ్ళు మూసుకొని ఆ చేతిని పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. వేలు వేలూ తడిమాను గానీ, ఎవరిదో చెప్పలేకపోయాను.

"అక్కా," అంది బయటినుంచి గొంతు, నవ్వు ఆపుకుంటూ, "ఇంకోసారి చూడు."