మూడు వారాల బేరం

మొన్న మా ఇంట్లో ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మంచును నా భార్య అట్లకాడతో గీకుతుంటే, హాల్లో పేపరు చదువుకుంటున్నవాణ్ణి ఉన్నట్టుండి "చాలించు" అని అరిచాను. ఇన్నేళ్ళ సంసారంలో ఆమె మీద నేను గొంతెత్తింది తక్కువే. ఎలాగూ నెగ్గేది ఆమే కాబట్టి ఆ శ్రమ పెట్టుకోను. అట్లకాడతోనే హాల్లోకి వచ్చి, నా మొహం చూసి, వెనక్కి వెళ్ళి, మిగతా మంచు మీద వేడినీళ్ళు పోసింది. ఉక్కు మంచును గీకే ఆ చప్పుడు కువైట్‌లో ఒక ఎండాకాలమంతా నేను పొద్దున్నే కూర్చుని విన్నాను. అప్పట్లో అది నాకు జోలపాటలా ఉండేది.

మాది ప్రొద్దుటూరు. బట్టల కొట్టు. పుట్టింది ఇంట్లోనే అయినా పెరిగింది తానుల మధ్య. మా నాయన, ఇద్దరు చిన్నాయనలు నేర్పిన చదువు ఒకటే: మొదట చెప్పిన ధర ఎవరూ ఇవ్వకూడదు, గడప ఎక్కినవాణ్ణి ఊరికే పోనివ్వకూడదు. చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు వేసిన మనిషిని ఏ అడుగు దగ్గర వెనక్కి పిలవాలో నాకు పదేళ్ళకే తెలుసు. కువైట్ నుంచి తిరిగొచ్చాక నా పెళ్ళికి ముహూర్తం పెట్టిన పురోహితుణ్ణి ఒక అరగంట ఇటు జరపమని బేరమాడానని మా అత్తగారు చివరిదాకా చెప్పి నవ్వేది. ఇంత పాండిత్యం ఉన్నవాణ్ణి, కొట్లో వాటా పంచుకునే రోజున చిన్నాయనల చేతిలో చిత్తుగా ఓడిపోయి, డ్రైవింగ్ లైసెన్సు జేబులో పెట్టుకుని కువైట్ విమానమెక్కాను.

జాబ్రియాలో ఇంటి డ్రైవరు పని. ఇంటి యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలిచేవాళ్ళం. వాళ్ళకు ఒక్కడే కొడుకు. పదహారేళ్ళవాడు, కానీ ఆరడుగుల మనిషి. మీసకట్టు కూడా వచ్చేసింది. వంటింట్లో కోనసీమ నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. ఆమె వంట ఎంత కమ్మనో నోరు అంత కారం.

ఆ కుర్రవాడికి హాకీ పిచ్చి. హాకీ అంటే మా మున్సిపల్ హైస్కూలు మైదానంలో దుమ్ములో ఆడే ఆటే అనుకున్నాను. మొదటిసారి రింక్‌లోకి తీసుకెళ్ళినప్పుడు నోరు తెరిచాను. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల వీధి వెడల్పున మంచు! దాని మీద కత్తుల్లాంటి ఉక్కు పలకలు బిగించిన బూట్లతో పిల్లలు గాలిలా తిరుగుతున్నారు. వాళ్ళ కోచ్ ఏదో చలిదేశం నుంచి వచ్చిన బట్టతల మనిషి. పోటీలు చలికాలంలో. ఎండాకాలం వాళ్ళకు ఆఫ్ సీజన్. అది మొదలవగానే ఆయన కర్రలన్నీ ఒక గదిలో పడేసి తాళం వేసేవాడు. ఇక స్కేటింగే. ఒంటికాలి మీద పోవడం, వెనక్కి పోవడం, ఉన్నచోట ఆగడం, అన్నిటికంటే ఎక్కువగా పడటం, లేవడం. పడినవాడు ఆయన రెండు అంకెలు లెక్కపెట్టేలోపు లేచి నిలబడాలి. మంచు దిగాక గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండానే కుర్చీలో ఉన్నట్టు తొడలు వణికేదాకా కూర్చోవాలి. అది మన గోడకుర్చీయే. ఎక్కాలు రానివాళ్ళకు మా అయ్యవారు ఊరికే వేయించిన శిక్షను ఇక్కడ తండ్రులు ఫీజులు కట్టి వేయిస్తున్నారే అని నాకు నవ్వొచ్చేది. నేను మాత్రం బాబా పాత స్వెట్టరు తొడుక్కుని, ఫ్లాస్కులో టీ పెట్టుకుని, బెంచీ మీద కునుకు తీసేవాణ్ణి. జూలై నెలలో కువైట్ మొత్తానికి స్వెట్టరు వేసుకున్న డ్రైవరును నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇక్కడే నా పాపం మొదలవుతుంది. ఏటా జూలై రాగానే ఇంటిల్లిపాదీ లండన్ వెళ్ళేవారు. డ్రైవరు ఊరికే ఉంటాడని బాబా నన్ను అల్ రాయ్‌లో ఉన్న తన తమ్ముడి గోదాముకు పంపేవాడు. రేకుల కప్పు కింద లారీ టైర్లు ఎత్తే పని. ఎనభై తొమ్మిదిలో అక్కడ రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాను. మరుసటి ఏడు కోచ్ పిల్లలతో, ఆగస్టు మొదటి వారందాకా శిక్షణకు వచ్చినవాళ్ళకే చలికాలం జట్టులో చోటు అన్నాడు. కుర్రవాడు ఉండిపోతానన్నాడు, బాబా కుదరదన్నాడు. కారులో వెనక సీట్లో మొహం గంటు పెట్టుకున్న ఆ పిల్లవాణ్ణి అద్దంలో చూస్తే నాకు టైర్లు కాదు, మంచు కనిపించింది. దారి పొడుగునా మా కొట్టు చదువంతా చెప్పాను. "మూడు వారాలు కావాలని మొదటే అడగొద్దు. అసలు లండనే రానని చెప్పు. అన్నం మానెయ్. మీ నాన్న ఒక వారం అంటే తల ఊపొద్దు, నేల చూస్తూ కూర్చో. రెండు అన్నా అంతే."

నాలుగో రోజుకు బేరం తెగింది. బాబా ముందు వెళ్ళి అక్కడ ఇల్లు సర్దుతాడు, తల్లీకొడుకులు మూడు వారాల తర్వాత వస్తారు. ఆ సాయంత్రం వంటింట్లో అక్క నన్ను పట్టుకుంది.

"ఏం తమ్ముడూ, పిల్లోడి చెవిలో మంత్రమేదో ఊదేశావంట!"

"నేనేం జేసినానక్కా. వానికి ఆట మీద పిచ్చి ఉండాది. మీ నాయన్ని అడుగు అన్న్యా, అంతే."

"అంతేలే. గోదాము మీద నీకున్న భయం ఆడికి ఆట మీదున్న పిచ్చి కంటే పెద్దదని నాకు తెలీదనుకున్నావా? ఈ చల్లదనం నీకు ఊరికే రాదు, చూసుకో."

వాళ్ళ టిక్కెట్లు శనివారానికి. గురువారం తెల్లవారుజామున కుర్రవాణ్ణి రింక్‌కు తీసుకెళ్దామని కారు తుడుస్తుంటే ఉత్తరం దిక్కున ఉరిమినట్టు శబ్దం. ఆ దేశంలో ఆగస్టులో ఎవరూ ఉరుము వినలేదు. మధ్యాహ్నానికి పెద్దరోడ్డు మీద ఇరాకీ ట్యాంకులు. టీవీ ఆగిపోయింది, లండన్ ఫోను పలకలేదు. ఆ వీధిలో సగం ఇళ్ళవాళ్ళు సెలవులకు వెళ్ళి విదేశాల్లో క్షేమంగా ఉన్నారు. మా ఇంటివాళ్ళు మాత్రం ఇక్కడే ఉన్నారు. ఎవరి మూలంగానో మాకు ఇద్దరికే తెలుసు. నాకు, అక్కకు.

వారం తిరిగేసరికి సైనికులు ఇళ్ళు వెతకడం మొదలుపెట్టారు. వయసులో ఉన్న మగవాళ్ళను బస్సుల్లో ఇరాక్‌లోని బస్రాకు తీసుకుపోతున్నారన్నారు. కుర్రవాడి స్నేహితులు కొందరు చీకటి పడ్డాక గోడల మీద ఇరాక్‌కు వ్యతిరేకంగా రాతలు రాస్తున్నారు. వీడూ పోతానన్నాడు. మామా నన్ను పిలిచి, "నా మాట వినడు. నీ మాట వింటాడు. వాణ్ణి గడప దాటనివ్వకు" అంది. అప్పుడు నేను చేసిన పని ఒకటుంది. బీరువా వెనకున్న నున్నటి ఫార్మైకా పలక ఊడదీసి నేలమాళిగలో పరిచి, దాని మీద కొవ్వొత్తి మైనం రుద్ది, మేజోళ్ళతో అటూ ఇటూ జారమన్నాను. కోచ్ ఎప్పుడో విమానం దొరక్క రాయబార కార్యాలయంలో దాక్కున్నాడు. ఇక కోచ్‌ను నేనే. బయటికి పోతానన్నప్పుడల్లా బేరం. "రెండు వందల సార్లు జారు, తర్వాత మాట్లాడదాం." జారేవాడు. చెమటతో తడిసి కూలబడేవాడు. అప్పటికి ఆ రోజు గడిచిపోయేది. గోడకుర్చీలో అయితే నేను రెండు వార్తాపత్రికల పాత సంచికలు చదివేదాకా కూర్చునేవాడు. ఒకరోజు అలా కూర్చునే, నా వైపు చూడకుండా అన్నాడు: "నేను అన్నం మానెయ్యకపోతే అమ్మ ఈపాటికి లండన్‌లో ఉండేది. ఇదంతా నా వల్లే."

నిజం నోటి దాకా వచ్చింది. "ఇంకో యాభై అంకెలు" అన్నాను.

సెప్టెంబరులో అక్క మన గోదావరి వాళ్ళతో కలిసి జోర్డాన్‌లోని అమ్మాన్ వెళ్ళే బస్సెక్కింది. ఎక్కుతూ, "నువ్వూ రా తమ్ముడూ" అంది. నేను తల అడ్డంగా ఊపితే, "సరే. ఉండు. నీ లెక్క నువ్వు తీర్చుకునే రావాలి. ఆ పిల్లోడు జాగర్త" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత కొద్ది రోజులకే సౌదీ సరిహద్దు తెరిచారని కబురొచ్చింది. ఆడవాళ్ళను, పిల్లలను పోనిస్తున్నారు, పదిహేడు దాటిన మగవాళ్ళను ఆపేస్తున్నారు. వీడి కార్డు మీద పదహారే. మొహం మీద మాత్రం ఇరవై. మామా వాడి గడ్డం, మీసం నున్నగా గీయించి, పొట్టి చేతుల చొక్కా తొడిగించింది. స్కేట్ బూట్లు లేకుండా రానని వాడు మొండికేస్తే డిక్కీలో పెట్టుకోమంది.

సరిహద్దుకు ఇవతల చెక్‌పోస్టు. మా ముందున్న కార్లవాళ్ళు ఒక్కొక్కరే తాళాలు సైనికుడి చేతిలో పెట్టి, మూటలు మోసుకుంటూ నడిచిపోతున్నారు. మా వంతు వచ్చింది. మీసం సరిగా మొలవని సైనికుడు కాగితాలు చూసి తిరిగి ఇచ్చేశాడు. "యల్లా, కారు వదిలేసి నడవండి" అన్నాడు. అంతే. అదే ధర, అందరూ ఇస్తున్న ధర. కారు నాది కూడా కాదు. అయినా ప్రొద్దుటూరు నోరు దానంతటదే తెరుచుకుంది. "ఇంత ఎండలో ఆడమనిషి ఎట్లా నడుస్తుంది అన్నా? రేడియో తీసుకో. స్టెప్నీ తీసుకో, కొత్తది."

వెనక నుంచి మామా "ఇచ్చెయ్" అంది. ఆగమన్నట్టు చెయ్యెత్తాను. సైనికుడికి సరదా పుట్టింది. ఇంకేమున్నాయో చూద్దామని డిక్కీ తెరిచాడు. సంచీలోంచి రెండు ఉక్కు పలకలు తళుక్కుమన్నాయి. కేక వేశాడు. ఆఫీసరు వచ్చి బూట్లు చూశాడు, తర్వాత కుర్రవాణ్ణి కింది నుంచి పైదాకా చూశాడు. "వీడికి పదహారా? పక్కన నిలబెట్టండి" అన్నాడు. పక్కన అప్పటికే ఏడెనిమిది మంది కుర్రాళ్ళు బస్సు కోసం తలలు వంచుకుని నిలబడి ఉన్నారు.

మామా ఇసుకలో కూలబడింది. ఏడవలేదు. నేను ఆమె ముందు గొంతుక్కూర్చుని అంతా చెప్పేశాను. గోదాము, అన్నం మానెయ్యమన్నది, మూడు వారాలు. ఆమె విని, "నాకెందుకు చెబుతావు? నెల రోజులుగా వాడు నా చేతులు పట్టుకుని క్షమించమంటున్నాడు. వాడికి చెప్పు" అంది.

అంతలో ఆఫీసరు నన్ను పిలిచాడు. కుర్చీలో కూర్చుని టీ తాగబోతున్నాడు, కాళ్ళ దగ్గర ఆ బూట్లు. "యా రఫీక్," నేస్తమా అన్నట్టు, "ఏమిటివి?" అన్నాడు. మంచు మీద ఆట అన్నాను. "మంచా? ఇక్కడా?" చుట్టూ ఉన్న సైనికులు పొట్టలు పట్టుకుని నవ్వారు. బడిపిల్లల ఆట అనీ, ఎండాకాలమంతా గోడకు వీపు పెట్టి కూర్చోబెడతారనీ చెప్పాను. "చూపించమను" అన్నాడు. కొట్లోంచి దిగిపోతున్న మనిషి తల తిప్పి చూసే క్షణం అది. "మీరు టీ తాగేదాకా వాడు పడిపోకుండా కూర్చుంటే, తల్లీకొడుకుల్ని పోనివ్వండి. కారు ఎలాగూ మీదే." ఆఫీసరు నవ్వి, సరే అన్నాడు.

గోడ లేదు. కారు తలుపుకు ఆనుకుని కూర్చోమన్నాను. మిట్టమధ్యాహ్నం ఎండలో గంట సేపు నిలిచిన కారు అది. వీపు తగలగానే వాడి మొహం ఒక్కసారి ముడుచుకుని మళ్ళీ మామూలైపోయింది. ఆ రేకు ఎంత కాలుతోందో అప్పుడు తెలిసింది నాకు. ఆఫీసరు నింపాదిగా గ్లాసు ఖాళీ చేసి రెండోది పొయ్యమన్నాడు. ఎన్ని గ్లాసులో నేను అడగలేదు. మా నాయన కొట్లో గజం గజం తేల్చుకోకుండా ఒక్క గుడ్డ ముక్క చింపనివాణ్ణి, ఆ రోజు కొలత మాట్లాడటం మరిచాను. మూడో గ్లాసుకు వాడి తొడలు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాయి. ఇసుకలో కాలు జారి, పక్కకు పడ్డాడు.

సైనికులు గొల్లుమన్నారు. ఆ నవ్వు పూర్తి కాకముందే వాడు లేచాడు. ఎవరూ చెప్పలేదు. మళ్ళీ వీపు ఆ రేకుకే ఆనించి, మోకాళ్ళు వంచి, ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. నవ్వు ఆగిపోయింది. ఆఫీసరు గ్లాసు పెదవుల దగ్గరే ఉంచి వాడి వైపు చూశాడు. ఏమనుకున్నాడో, మిగిలిన టీ ఇసుకలో పారబోసి, "ఖలాస్. పొండి" అన్నాడు.

మామా వాడి రెక్క పట్టుకుని లేపింది. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. పది అడుగులు వేశాక వాడు వెనక్కి తిరిగి, కుడిచెయ్యి గుండె మీద పెట్టి, నాకు తల వంచాడు. నేను వాణ్ణి కాపాడాననుకున్నాడు. మామా కూడా తిరిగి చూసింది. చెబుతానేమోనని కాసేపు ఆగింది. నేను చెయ్యి ఊపాను.

నేను వెనక్కి వచ్చి, అక్క వెళ్ళిన దారిలోనే అమ్మాన్ మీదుగా ఊరు చేరాను. యుద్ధం అయ్యాక ప్రొద్దుటూరులో మా పక్కింటి ఫోనుకు ఒకసారి మామా గొంతు వచ్చింది. అందరూ ఇల్లు చేరారట. వాడి వీపు మీద మచ్చ ఉండిపోయిందట, ఆట మానేశాడట, ఎక్కడో చదువుతున్నాడట. తిరిగి పనికి రమ్మంది. వస్తానన్నాను, వెళ్ళలేదు. "వాడికి చెప్పావా?" అని అడగలేదామె. వాడి ఫోను నంబరు మాత్రం, నేను అడక్కుండానే, రెండుసార్లు నిదానంగా చెప్పి రాయించింది. చలికాలం పోయాక చేద్దామనుకున్నాను, పెళ్ళయ్యాక చేద్దామనుకున్నాను, పిల్లలు పుట్టి కాస్త మనసు మెత్తబడ్డాక అనుకున్నాను. ఆ కుర్రవాడికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. పదహారేళ్ళప్పుడు తన తల్లిని ప్రమాదంలోకి లాగింది తానేనని ఇంకా నమ్ముతూనే ఉండి ఉంటాడు. కాలం నాకు అడక్కుండానే ఏడాది మీద ఏడాది ఇస్తూ పోయింది, నేను ఒక్కసారి కూడా బేరమాడకుండా అన్నీ తీసేసుకున్నాను.