బఫేలో వడ్డన నాదే

వానలే సరిగా పడని మా అనంతపురంలో ఈ మధ్య చేపలు, రొయ్యల బఫే పెట్టారు. కంబదూరు నుంచి పెదనాయన వాళ్ళు వస్తే, ఈ మధ్యాహ్నం ముచ్చటపడి అందరినీ అక్కడికి తీసుకెళ్ళాను.

పెదనాయన కుర్చీలో కూర్చుని, "ఏమప్పా, వడ్డించేవాళ్ళు యాడ?" అన్నాడు.

"ఈడ ఎవరికి వాళ్ళే పెట్టుకోవల్ల, పెదనాయనా."

"పిలిచినోడివి నువ్వు. సుట్టాల చేత గంటె పట్టిస్తావా?"

ఆయన లేవకపోతే మావాళ్ళలో ఒక్కరూ లేవరు. చేసేది లేక ప్లేట్లు మోయడం మొదలుపెట్టాను. పెద్దమ్మకి ముళ్ళు లేని చేప, పెదనాయనకి రొయ్యల వేపుడు, అత్తకి ఇంకాస్త పులుసు. పక్క టేబుల్ వాళ్ళు నన్ను సర్వర్ అనుకుని నీళ్ళు అడిగారు. అవీ ఇచ్చాను. అందరి భోజనాలూ అయ్యాక నా ప్లేటు పట్టుకుని వెళ్తే, బఫే టైమైపోయి గిన్నెలన్నీ ఖాళీ; రొయ్యల గిన్నెలో కరివేపాకే మిగిలింది.

పెదనాయన చేయి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పాడు. "తిండి బాగుండాదప్పా. కొసరి కొసరి పెట్టే మనిషే లేకపాయె."

ఇప్పుడు ఇంట్లో ఉప్మా తింటూ ఇది రాస్తున్నాను. బఫేకి వెళ్ళి ఆకలితో తిరిగొచ్చినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి. ఈసారి కొసరి కొసరి అడుగుతున్నాను.