మాట నడుమ నా చోటు

"రోజూ ‘అవ్వను పిల్చుకొని పోతా’ అన్నది ఎవరే?" అని నిలదీశాను.

"అది పాఠం అవ్వా! వాక్యానికొక పేరు కావాలని నీ పేరు పెట్టినా," అంది మనవరాలు.

"మీ అత్త పేరు పెట్టుకోలేకపోయినావా కన్నూ?"

నా మనవరాలికి అవినాశి ఊర్లో బనియన్ కంపెనీలో ఉద్యోగం. హాలెండు వ్యాపారులతో మాట్లాడాలని మా వంటింట్లో కూర్చుని డచ్చి భాష నేర్చుకుంది. వెంట తీసుకుపోవడానికి వాళ్లకు ఒకే మాటట. వాక్యంలో దాన్ని విరిచి ఒక ముక్క ముందు, ఒక ముక్క చివర పెడతారట. వెంట వచ్చే మనిషి పేరు నడుమ ఉంటుంది. ‘అవ్వను పిల్చుకొని పోతా’ అనడానికి "ఇక్ నేమ్ అవ్వ మే" అనేది. చివరి ముక్క మరిస్తే, రెండో తరగతితో బడి మానేసిన నేనే "మే ఏదే?" అని గద్దించేదాన్ని.

కంపెనీ ఆమెను హాలెండు పంపుతూ, తోడుగా ఒకరు రావచ్చంది. చిరిగిన చీర కుట్టుకుని కట్టే నేను కొత్త స్వెట్టరు కొన్నాను. టికెట్లు వచ్చాక తెలిసింది, పోయేది వాళ్ల అత్త అని. అందుకే ఆ గొడవ.

"అత్త నోరు తెరిచి అడిగింది అవ్వా, ఎట్లా కాదనేది?" అంది. నోరు తెరిచి అడగనందుకు నాకు దక్కింది పాఠమే.

మర్నాడు పొద్దున పాఠం చెప్పుకుంటూ, చివరి ముక్క మరిచి నా వైపు చూసింది. నేను అందించలేదు. స్వెట్టరును మడత చెడకుండా సంచిలో పెట్టుకుని పోయి, కొట్లో తిరిగి ఇచ్చేశాను.