బల్లల కింది అట్టపెట్టెలు

ఆ ఆఫీసులో ఆమెను అందరూ బొంగరం అంటారు. ఒకచోట కూర్చోవడం తెలియని మనిషి. భర్త పోయాక చీపురు పట్టింది, అక్కడే జుట్టు నెరిసింది. తోడికోడలిని కూడా తనే తెచ్చి పనిలో పెట్టించింది. ప్రతి బల్ల దగ్గరా ఉన్న చెత్తబుట్టను ఖాళీ చెయ్యడం ఆ ఇద్దరి పని.

ఒకరోజు ఆ బుట్టలన్నీ తీసేశారు. వరండాలో మూడు రంగుల పెద్ద డబ్బాలు వెలిశాయి: కాగితాలకొకటి, ప్లాస్టిక్‌కొకటి, తిండి మిగుళ్లకొకటి. ఎవరి చెత్త వాళ్లే తెచ్చి విడదీసి వెయ్యాలి. మంచి పనే, కాదనేవాళ్లెవరు? కానీ నాలుగడుగులు వెయ్యడానికి బద్ధకించినవాళ్లు బల్లల కింద అట్టపెట్టెలు దాచుకున్నారు. అరటితొక్క దగ్గర్నుంచి చిత్తుకాగితం దాకా అన్నీ వాటిలోకే.

బొంగరం చేతులు ఊరుకోలేదు. ఎవరూ రాకముందే పెట్టెలు ఖాళీ చేసి, ఏ చెత్తను ఆ డబ్బాలో వేసేది. పాపం, అలవాటయ్యేదాకా అనుకుంది.

నెల తిరిగేసరికి మేనేజరు మీటింగు పెట్టాడు. "మనవాళ్లు బ్రహ్మాండంగా చేస్తున్నారు. ఇక బల్లల దగ్గరికి ఎవరూ వెళ్లక్కర్లేదు. వచ్చే నెల నుంచి ఊడవడానికి ఒక్కరు చాలు."

తోడికోడలు మెట్ల దగ్గర నిలేసింది. "చాకిరీ నీది, పేరు వాళ్లది. ఇప్పుడు పోయేదెవరక్కా, నువ్వా నేనా?"

"కాసేపు ఊరుకో. ఆలోచించనీ."

"ఆలోచించడానికైనా ముందు ఒకచోట నిలబడు."

మర్నాటి నుంచి ఆమె పెట్టెలు ముట్టలేదు. ముట్టకుండా ఉండటమే కష్టమైంది. కాలుగాలిన పిల్లిలా వరుసల మధ్య తిరిగింది. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచింది. ఈగలు ముసురుతున్న పెట్టె మీదికి వంగి, చెయ్యి వెనక్కి లాక్కుంది. వారం గడవకముందే జనం ముక్కులు మూసుకున్నారు.

మేనేజరు పిలిపించాడు. "ఏంటమ్మా ఈ కంపు? మొన్నటిదాకా అంతా బాగానే ఉందిగా?"

"అది డబ్బాల గొప్ప కాదు సార్. బల్లల కింద పెట్టెలున్నాయి. రోజూ నేనే తీసి విడదీసేదాన్ని."

"ముందే చెప్పొద్దా?"

"చెప్పకపోవడం నా బుద్ధితక్కువే. నా గొయ్యి నేనే తవ్వుకున్నా. పక్కన మా చెల్లికి కూడా."

రంగుల డబ్బాలు కొనేటప్పుడు ఎవరికీ పొదుపు గుర్తురాదు. చెత్త ఏరే చేతుల దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ గుర్తొస్తుంది.

"ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"పెట్టెలు ఎవరివి వాళ్లే మోసుకురావాలి. విడదీసే పని మా ఇద్దరికీ ఇవ్వండి. అదీ ఒక ఉద్యోగమని రాసివ్వండి."

"పైవాళ్లనడగాలి."

"అడగండి సార్. ఇక్కడే ఉంటాను."

ఆయన ఫోన్ చేశాడు. అటువైపు మాటలు విని పెట్టేశాడు. "ప్రస్తుతానికి ఇద్దరూ ఉండండి. తర్వాత చూద్దామన్నారు."

"తర్వాతంటే ఎప్పుడు సార్?"

మేనేజరు ఫైలు ముందుకు లాక్కున్నాడు. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు. ఆయన మళ్లీ ఫోన్ అందుకున్నాడు.