గుర్రం దిగిన పెళ్ళికొడుకు

ఎనభైల్లో నేను రాయపూర్ దగ్గర ఉర్లాలో ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. మన తెలుగువాళ్ళలో లేని ఆచారమైనా, పెళ్ళినాడు అక్కడి పద్ధతిలో బరాత్‌ ఊరేగింపుకి నన్ను గుర్రమెక్కించారు. శంకర్ నగర్ చేరేసరికి గుర్రం వణకసాగింది. జీను కిందికి చెయ్యి పోనిస్తే నెత్తురంటింది. వెంటనే దిగిపోయాను.

"నలుగురూ నవ్వుతారు, ఎక్కరా జల్దీ!" అని మామయ్య కసిరాడు.

"దాని వీపు పుండైపోయింది మామయ్యా. నడిచే వస్తాను."

పుండు మానేదాకా జీను వెయ్యనని గుర్రం యజమాని నా చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాడు. తీరా మండపం గుమ్మంలో నాకు హారతి ఇస్తుండగా మరో ఊరేగింపు ఎదురొచ్చింది. అదే గుర్రం, పైన ఇంకో పెళ్ళికొడుకు!

"దిగు భాయ్, దానికి పుండుంది!" అని హిందీలో అరిచాను. బ్యాండు మోతలో అతనికేం వినబడిందో, నవ్వుతూ చెయ్యూపాడు.

పరుగెత్తి కళ్ళెం పట్టుకోనందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం.